బొంత మీద జిగ్‌జాగ్ లేసు



కుట్టుపని తెలిసినవాళ్లు లేసుల దుకాణంలో అడుగుపెడితే ఒకంతట బయటికి రాలేరు. జరీ అంచులు, జాలరు లేసులు, శాటిన్ రిబ్బన్లు, ఊలు బంతులు వేలాడే లేసులు, అన్నీ చుట్టలు చుట్టలుగా కళ్లముందు ఉంటాయి. వాటి మధ్య, పెద్ద ఖరీదు లేని ఒక సన్నని పట్టీ కూడా ఉంటుంది. అలలు అలలుగా వంపులు తిరిగి ఉంటుంది. చిన్నపిల్లల గౌనుకీ, లంగా అంచుకీ వేస్తారు. మన టైలర్లు దాన్ని జిగ్‌జాగ్ లేసు అంటారు. అమెరికాలో దాని పేరు రిక్‌రాక్. అక్కడ గుడ్డముక్కలు అతికి, మధ్యలో దూది పరిచి కుట్టే క్విల్టుల మీద ఈ లేసు తరతరాలుగా కనిపిస్తుంది. మన బొంతకు క్విల్టు దగ్గరి చుట్టమే కాబట్టి, ఈ రోజు ఆ లేసు కథ, బొంతలో దాన్ని వాడే తీరు మీతో పంచుకుంటాను.

ఇన్నేళ్లుగా బొంతలు కుడుతూ, పాత బొంతలు చూస్తూ నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది. బొంత మీద వేసే అలంకారానికి ఏదో ఒక పని ఉండాలి. అది అతుకును కప్పాలి, లేదా అంచును కాయాలి, లేదా పొరలను పట్టి ఉంచాలి, లేదా బొమ్మలో ఒక గీతగా నిలవాలి. లేసు వేసిన చీరను ఏడాదికి నాలుగైదుసార్లు కడతాం, జాగ్రత్తగా మడిచి దాస్తాం. బొంత అలా కాదు. రోజూ కప్పుకుంటాం, కాళ్లతో తన్నుతాం, పిల్లలు లాగుతారు, ఉతికి దండెం మీద ఎండేస్తాం. ఇంత వాడకంలో ఊరికే పైన అతికించిన లేసు ముందుగా ఊడుతుంది. పని ఉన్న లేసు మాత్రం బొంతతో పాటే ముసలిదవుతుంది.

రిక్‌రాక్ ఎలా తయారవుతుందో తెలిస్తే దాని స్వభావం తెలుస్తుంది. ఇది నేసిన గుడ్డను కత్తిరించి చేసేది కాదు. జడ అల్లినట్టు దారాలను ఏటవాలుగా అల్లి చేసే పట్టీ. అల్లే యంత్రం కాసేపు ఒక పక్క దారాలను, కాసేపు రెండో పక్క దారాలను బిగిస్తుంది. బిగిసిన వైపుకు పట్టీ వంగుతుంది. అలా అటూ ఇటూ వంగుతూ అల పుడుతుంది. ఏటవాలు అల్లిక కాబట్టి దాన్ని ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. పక్క అంచుల్లో పోగులు ఊడవు. కత్తిరించిన కొస దగ్గర మాత్రం ఊడతాయి. ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకోండి. తర్వాత చెప్పబోయే మెళకువలన్నీ వీటి నుంచే వస్తాయి.

పంతొమ్మిదో శతాబ్దం చివరి నాటికే ఈ అలల పట్టీ అమెరికా ఇళ్లలోకి వచ్చింది. అప్పట్లో దాన్ని సరాసరి గుడ్డ మీద కుట్టడం కంటే, దాని మొనలను క్రోషా దారంతో కలుపుతూ పొడవైన లేసులు అల్లడం ఎక్కువ. దిండు గలీబుల అంచులకు, లోపలి పావడాలకు ఆ లేసు వేసేవారు. ఇలాంటి పట్టీలు అల్లే పరిశ్రమకు జర్మనీలోని బార్మెన్ పట్టణం పెట్టింది పేరు. అక్కడ పుట్టిన ఫెర్డినాండ్ థున్, హెన్రీ యాన్సెన్ అనే ఇద్దరు అమెరికా వెళ్లి, 1892లో పెన్సిల్వేనియాలోని రెడింగ్‌లో పట్టీలు అల్లే యంత్రాల కర్మాగారం పెట్టారు. యంత్రాలు అక్కడే తయారవడంతో ఇలాంటి సన్నపట్టీలు చవకయ్యాయి, మామూలు ఇళ్లకు అందుబాటులోకి వచ్చాయి.

అదే కాలంలో అమెరికా మహిళలు ఇంకో రకం బొంతల మోజులో ఉన్నారు. వాటిని క్రేజీ క్విల్టులు అనేవారు. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన పెద్ద ప్రదర్శనలో జపాన్ కళాఖండాలు చూశాక, ఒక లెక్కా పత్రం లేకుండా ముక్కలు అమర్చే ఆ తీరు బాగా ఊపందుకుంది. పట్టు, మఖమల్ ముక్కలను ఎలా పడితే అలా అతికేవారు. వాటి మీద రిబ్బన్లు, లేసులు, ఎంబ్రాయిడరీ పువ్వులు పరిచేవారు. చాలావాటిలో దూది పొర కూడా ఉండేది కాదు. కప్పుకోవడానికి కాదు, ముందుగదిలో సోఫా మీద పరిచి వచ్చినవాళ్లకు చూపడానికి కుట్టినవి అవి.

వాటిలో ఇప్పుడు మిగిలినవి చూస్తే మనసుకు కష్టమనిపిస్తుంది. కొన్ని పట్టుముక్కలు నిలువునా చీలికలై పొడిలా రాలిపోతున్నాయి. పక్కనే ఉన్న ముక్కలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. కారణం ఏమిటంటే, ఆ రోజుల్లో పట్టును తూకానికి అమ్మేవారు. పట్టు మీది జిగురు కడిగేస్తే తూకం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి తగరం, ఇనుము లవణాలు పట్టించేవారు. అప్పటికి పట్టు బరువుగా, గరగరలాడుతూ గొప్పగానే ఉండేది. కాలం గడిచేకొద్దీ ఆ లవణాలే పోగులను తినేశాయి. అయితే ఆ బొంతల్లోనే మనం నేర్చుకోవాల్సిన మంచి పాఠం కూడా ఉంది. ప్రతి అతుకు మీదా ఈక ఆకారపు కుట్టో, సన్నని రిబ్బనో నడుస్తుంది. అది అందంగా ఉంటుంది, అతుకును కప్పుతుంది, రెండు ముక్కలనూ కింది గుడ్డకు పట్టి ఉంచుతుంది. ముక్క చిరిగిపోయినా ఆ కుట్టు ఇప్పటికీ తన చోట తాను ఉంది.

ఆ తర్వాత 1930ల్లో అమెరికాలో కరువు రోజులు వచ్చాయి. కొత్త గుడ్డ కొనే స్థోమత లేని పల్లె ఇళ్లలో గోధుమపిండి, కోళ్ల దాణా వచ్చే నూలు సంచులే గుడ్డ అయ్యాయి. ఆడవాళ్లు సంచిని బట్టి పిండి ఎంచుకుంటున్నారని గమనించి, కంపెనీలు సంచుల మీద పువ్వుల డిజైన్లు అచ్చువేయడం మొదలుపెట్టాయి. 100 పౌన్ల సంచిని విప్పితే గజం కంటే కాస్త ఎక్కువ గుడ్డ వచ్చేది. సంచి నోరు కుట్టిన దారాన్ని కూడా విప్పి దాచుకునేవారు. ఆ గుడ్డతో గౌన్లు, వంటింటి ఏప్రాన్లు, మిగిలిన ముక్కలతో బొంతలు కుట్టారు. వాటి అంచుల్లో రిక్‌రాక్ విరివిగా కనిపిస్తుంది. పిండి సంచి గుడ్డకు ఈ చవకైన పట్టీ తోడైతే అది కొన్న గుడ్డలా నిలబడేది. టోపీ పెట్టుకున్న చిన్నపిల్ల బొమ్మను ముక్కలతో అతికే సన్‌బానెట్ స్యూ అనే బొంతలు ఆ రోజుల్లో ఇంటింటా ఉండేవి. ఆ పిల్ల గౌను అంచుకూ టోపీ పట్టీకీ ఒక ముక్క రిక్‌రాక్ చాలు, బొమ్మకు ప్రాణం వచ్చేది.

ఫ్లోరిడా దక్షిణాన, ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో ఉండే సెమినోల్ ప్రజల సంగతి కూడా చెప్పాలి. చేత్తో తిప్పే కుట్టుమిషన్లు వాళ్లకు అందాక, రంగురంగుల గుడ్డను సన్నని పట్టీలుగా చింపి, కలిపి కుట్టి, మళ్లీ ఏటవాలుగా కోసి, మళ్లీ కలిపి ఎంతో నైపుణ్యమున్న అతుకుల పని చేశారు. అవి బొంతలు కావు, లంగాలు, చొక్కాలు. అతుకుల పట్టీకీ మామూలు పట్టీకీ నడుమ వాళ్లు రిక్‌రాక్ వరుసలు వేస్తారు. చిన్న చిన్న ముక్కలతో నిండిన పట్టీని చూస్తున్న కంటికి ఆ వరుస ఒక హద్దు చూపిస్తుంది. ఎక్కడ ఒక డిజైను ముగిసి, ఎక్కడ ఇంకొకటి మొదలవుతుందో చెబుతుంది. రిక్‌రాక్‌ను గీతగా వాడడం నేర్చుకోవాలంటే సెమినోల్ లంగాను మించిన పాఠం లేదు.

మన వైపు చూద్దాం. మన ఇళ్లలో పాత నూలుచీరలు పొరలుగా పరిచి, నాలుగు వైపులా పెద్ద పెద్ద టాకాలు వేసి, వరుసలు వరుసలుగా కుట్టేదే బొంత. చీర ఒళ్లు అరిగిపోయినా అంచు గట్టిగా ఉంటుంది, నేతలోనే అది చిక్కన. అందుకే అంచును చింపి పారేయకుండా బొంత చుట్టూ వచ్చేలా అమర్చేవారు. పొలానికి గట్టు ఎలాగో బొంతకు ఆ అంచు అలాగ. మన పొరుగున కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉండే సిద్దీలు ఆఫ్రికా మూలాలున్న వాళ్లు. వాళ్ల ఆడవాళ్లు కుట్టే బొంతను కవంద్ అంటారు. అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతారు. చివరికి నాలుగు మూలల్లో రంగుముక్కలను మూడుమూలలుగా మడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఫూల అని కుడతారు. ఫూల లేని కవంద్ వాళ్ల దృష్టిలో పూర్తయినట్టు కాదు. ఇన్ని చోట్ల ఇంతమంది ఆడవాళ్లు అంచు దగ్గర, మూల దగ్గర, అతుకు దగ్గరే అలంకారం పెట్టారు. అరిగేదీ విడిపోయేదీ అక్కడే కదా. అరిగే చోటే అందం పెట్టాలన్న తెలివి అది.

ఇప్పుడు పనిలోకి వెళదాం. కాగితం, పెన్సిలు దగ్గరుంటే కొలతలు రాసుకోండి.

లేసు కొనేటప్పుడు వెడల్పు చూడండి. పావు అంగుళం ఉన్నది సన్న రకం, అర అంగుళం ఉన్నది మధ్య రకం, అంతకు మించినది పెద్ద రకం. రోజూ ఉతికే బొంతకు నూలు లేసు మేలు, అది గుడ్డతో కలిసిపోతుంది. పాలిస్టర్ లేసు రంగు బాగా నిలుస్తుంది కానీ ఇస్త్రీ వేడి ఎక్కువైతే కరుగుతుంది. ఏ రకమైనా కుట్టే ముందు వేడినీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, పైన పల్చని గుడ్డ వేసి ఇస్త్రీ చేయండి. నూలు లేసు మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడం బొంతకు కుట్టిన తర్వాత జరిగితే గుడ్డ కూడా దానితో పాటు ముడతలు పడుతుంది. ఎరుపు, ముదురు నీలం లేసులైతే తెల్లగుడ్డ ముక్కతో కలిపి నానబెట్టండి. ఆ ముక్కకు రంగు అంటితే, అంటడం ఆగేవరకూ మళ్లీ మళ్లీ కడగాలి.

మొదటి పద్ధతి, అతుకులో లేసు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. లేసులో సగం అతుకు లోపలికి పోతుంది, మిగతా సగం చిన్న చిన్న మొనలుగా బయటికి కనిపిస్తుంది. ముక్కలు అతికేటప్పుడు కుట్టుకు పావు అంగుళం గుడ్డ వదలడం క్విల్టుల్లో పద్ధతి. అర అంగుళం లేసు తీసుకుని, దాని ఒక అంచును గుడ్డ అంచుతో సమంగా పెట్టండి. లేసు నడిమి గీత సరిగ్గా పావు అంగుళం దగ్గర పడుతుంది, కొలవనక్కర్లేదు. ఆ నడిమి గీత మీద పొడవు కుట్టుతో ముందు లేసును మొదటి ముక్కకు పట్టించండి. తర్వాత రెండో ముక్కను పైన బోర్లించి, మొత్తాన్ని తిప్పి, మీకు ముందు వేసిన కుట్టు కనిపించేలా మిషన్ మీద పెట్టండి. ఆ కుట్టు మీదే, లేకపోతే ఒక్క నూలుపోగు లోపలికి, మళ్లీ కుట్టండి. అప్పుడు మొనలన్నీ ఒకే ఎత్తులో వస్తాయి. ఇలా కుట్టిన లేసు రెండు ముక్కల మధ్య బిగిసి ఉంటుంది, ఊడాలంటే అతుకే ఊడాలి. గుండ్రంగా రేకులు అమర్చే డ్రెస్డెన్ ప్లేట్ వంటి డిజైనులో ఆ రేకుల చుట్టూ ఇలా మొనలు తొంగిచూస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో కుట్టి చూడండి.

రెండో పద్ధతి, బొంత చుట్టూ అంచు. ముందు లేసు ఎంత కావాలో లెక్కవేద్దాం. 40 అంగుళాల వెడల్పు, 50 అంగుళాల పొడవున్న బొంతకు చుట్టుకొలత 180 అంగుళాలు, అంటే నాలుగున్నర మీటర్ల పైచిలుకు. మూలల్లో తిరగడానికీ కొసలు కలపడానికీ కలిపి 5 మీటర్లు తీసుకోండి. పై పొర చుట్టూ లేసును పట్టించి, తర్వాత అంచుపట్టీ వేస్తే మొనలు బొంత లోపలి వైపుకు, పట్టీ పక్కన వరుసగా కనిపిస్తాయి. మూల దగ్గర ఒక మొన గానీ ఒక లోతు గానీ సరిగ్గా పడేలా చూసుకోండి. కాస్త తేడా వస్తే ముందున్న నాలుగైదు అలల్లో కొద్దికొద్దిగా సాగదీయండి, లేదా దగ్గరికి నొక్కండి. ఏటవాలు అల్లిక కాబట్టి లేసు ఆ మేరకు మీ మాట వింటుంది. కొసలను మాత్రం ఎప్పుడూ బయట వదలకండి. రెండు కొసలనూ ఏటవాలుగా అతుకులోకి దించేయండి. పోగులు అక్కడే ఊడతాయని ముందే చెప్పాను కదా.

మూడో పద్ధతి, కాడలు, తీగలు. గుడ్డతో పువ్వులు కత్తిరించి అతికే బొంతల్లో వంపు తిరిగే కాడలు చేయడం కష్టం. గుడ్డను క్రాసుగా కోయాలి, పట్టీలు మడవాలి, ఇస్త్రీ చేయాలి. రిక్‌రాక్‌కు అదేమీ అక్కర్లేదు. ఆవిరి ఇస్త్రీ కింద వేళ్లతో వంచితే వంపు అలాగే నిలుస్తుంది. ఆకుపచ్చ సన్నలేసుతో తీగ, పెద్ద లేసుతో పువ్వు కూడా చేయవచ్చు. రెండు లేసులను అల మీద అల పడేలా ఒకదానిలో ఒకటి మెలివేసి, ఒక పక్క దారం ఎక్కించి, చుట్టగా చుట్టి అడుగున గట్టిగా కుట్టండి. పై మొనలు వేళ్లతో విప్పితే రేకులు తెరిచిన గులాబీ వస్తుంది. అయితే ఇలాంటి ఉబ్బెత్తు పువ్వు గోడకు వేలాడే బొంతకు తగినది. తల కింద పెట్టుకునేదానికి తగదు.

నాలుగోది, పొరలు కలిపే కుట్టుగా లేసు. పై గుడ్డ, దూది, కింది గుడ్డ మూడింటినీ పరిచి టాకాలు వేసుకున్నాక, నిలువు గీతల మీద సన్నలేసు పెట్టి, మధ్యగా మిషన్ కుట్టు వేసుకుంటూ పోండి. ఆ కుట్టే మూడు పొరలనూ పట్టి ఉంచుతుంది. వేరుగా బొంతకుట్టు అక్కర్లేదు. మన పాతచీరల బొంతకు కూడా ఇది బాగా పనికొస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి. లేసు పావు అంగుళం దాటితే మధ్య కుట్టు ఒక్కటే చాలదు. ఉతికేకొద్దీ మొనలు పైకి చుట్టుకుపోతాయి. ఒక్కొక్క మొననూ చేత్తో చిన్న టాకాతో గుడ్డకు అంటించండి. సాయంత్రాలు రేడియో వింటూ చేసుకునే పని అది.

రంగు గురించి రెండు మాటలు. చిన్న పువ్వుల గుడ్డ మీద అదే మాదిరి రంగు లేసు వేస్తే అల కనపడదు. లేత గుడ్డకు ముదురు, ముదురు గుడ్డకు లేత, ఇదే నియమం. దారం మాత్రం లేసు రంగులోనే ఉండాలి. ఒక బొంతలో లేసులన్నీ ఒకే రంగువి వాడితే, ముక్కలు ఎన్ని రకాలైనా కంటికి ఒక దారి దొరుకుతుంది.

మిగతా లేసులకూ మొదట చెప్పిన మాటే కొలబద్ద, అలంకారానికి ఏదో ఒక పని ఉండాలి. జరీ అంచు మెరుస్తుంది, నిజమే. కానీ దాని గరుకు లోహపు పోగు పక్కనున్న మెత్తటి నూలును కోస్తుంది, తడిసే కొద్దీ నల్లబడుతుంది. దాన్ని వాడాలంటే గోడ బొంతకు వాడండి, లేదా మధ్యలో పట్టుగుడ్డ పెట్టి దూరంగా ఉంచండి. అమ్మమ్మ చేతి క్రోషా లేసు ఇంట్లో ఉంటే పెట్టెలో పసుపెక్కనివ్వకండి. బొంత మధ్యలో ఒక గుడ్డముక్క మీద పరిచి, చుట్టూ చేతికుట్టుతో పట్టించండి. నర్సాపురం వైపు ఇళ్లలో ఆడవాళ్లు తరాలుగా అల్లుతున్న లేసు ఇలా మన బొంతల్లోకి వస్తే ఎంత నిండుగా ఉంటుంది! పూసలు, బొత్తాలు, ఊలు బంతులు మాత్రం పసిపిల్లల బొంతకు అసలు వద్దు. పసివాళ్లు చేతికందినదల్లా నోట్లో పెట్టుకుంటారు. ఏడాది లోపు బిడ్డ పడుకునే చోట వదులుగా ఉండే బొంత వద్దనే శిశువైద్యులు చెబుతారు. ఆ బొంతను కింద పరిచి ఆడించడానికి ఉంచుకోండి.

బొంత కుట్టడం కాలక్షేపమని కొందరు అంటారు. పాత గుడ్డకు ఇంకో ఇరవై ఏళ్ల ఆయుష్షు ఇవ్వడం కాలక్షేపం ఎలా అవుతుంది? పిండిసంచి గుడ్డకు రిక్‌రాక్ వేసిన ఆ తల్లి లేమిలో కూడా తన పిల్లకు తక్కువ చేయలేదు. సిద్దీ అవ్వ చింకిముక్కల బొంతకు నాలుగు మూలలా ఫూల పెట్టింది. మన అమ్మమ్మ చీర అంచును బొంత అంచుగా మలిచింది. చేతిలో ఉన్నది ఎంత కొంచెమైనా దాన్ని నిలిచేలా, చూడముచ్చటగా చేయాలన్న పట్టుదల అందరిదీ ఒకటే. ఆ పట్టుదల మన తరంతో ఆగిపోకూడదని నా కోరిక.

పెద్ద బొంతతో మొదలుపెట్టనక్కర్లేదు. ఒక దిండు గలీబుకు సరిపడా నాలుగు ముక్కలు, రెండు మీటర్ల లేసు చాలు. అతుకులో సగం లేసు దించే మొదటి పద్ధతితో కుట్టండి. పదిసార్లు ఉతకండి. మొనలు నిలబడితే మీ చేయి కుదిరినట్టే, బొంతకు గుడ్డలు పోగుచేసుకోవచ్చు. మీ ఇంట్లో ఎదుగుతున్న పిల్లలుంటే, ఆడపిల్లలనీ మగపిల్లలనీ చూడకుండా, ఆ నాలుగు ముక్కల్లో ఒక అతుకు వాళ్ల చేత కుట్టించండి.